ఇంటి కంప్యూటరుకు ఉచిత డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్: ఏది చాలు, ఏది అక్కరలేదు

మా ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటరులో నిమిషానికి 7,200 చుట్లు తిరిగే 1 టెరాబైట్ హార్డ్ డిస్క్ ఉంది. ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, మెయిళ్లు, పిల్లల చదువులకు సంబంధించిన ఫైళ్లు ఏళ్ల తరబడి అందులోనే పోగుపడుతూ వచ్చాయి. కొంతకాలంగా ఏ ఫోల్డర్ తెరిచినా డిస్కు కరకరమంటూ చాలాసేపు శబ్దం చేసి, ఆ తరువాతే అందులోని ఫైళ్లు కనిపించేవి. ఫైళ్లు ముక్కలై డిస్కు నిండా చెదిరిపోయి ఉంటాయని అనుమానం వచ్చి, ఆ ముక్కలను మళ్లీ ఒకచోట చేర్చే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లలో ఉచితంగా దొరికేవాటిని ఒకదాని తరువాత ఒకటి వేసి చూశాను. విండోస్‌తో పాటే వచ్చే సొంత సాధనం, డీఫ్రాగ్లర్, ఆస్లాజిక్స్ డిస్క్ డీఫ్రాగ్, ఐఓబిట్ స్మార్ట్ డీఫ్రాగ్, అల్ట్రాడీఫ్రాగ్, మైడీఫ్రాగ్, కాంటిగ్ అనేవి నేను వాడి చూసినవి. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు విండోస్‌లో ఉన్న సాధనమే చాలుననీ, దానికి తోడుగా మరొకటి కావాలనుకునేవారికి డీఫ్రాగ్లర్ ఒక్కటి సరిపోతుందనీ నాకు గట్టిగా అనిపించింది. ఎందుకలా అనిపించిందో వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు మీ కంప్యూటరులో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కా, ఫ్లాష్ మెమరీతో పనిచేసే ఎస్‌ఎస్‌డీనా (సాలిడ్ స్టేట్ డ్రైవా) అన్నది తెలుసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే విండోస్ సొంత సాధనం తప్ప ఈ సాఫ్ట్‌వేర్లలో ఏదీ మీకు అవసరం లేదు. విండోస్ 8 గాని, ఆ తరువాతి వెర్షన్ గాని ఉంటే స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని టైప్ చేయండి. డ్రైవ్‌లను ఆప్టిమైజ్ చేసే కిటికీ తెరుచుకుంటుంది. అందులో ప్రతి డ్రైవ్ పేరు పక్కన మీడియా రకం అనే గడిలో అది హార్డ్ డిస్కో, సాలిడ్ స్టేట్ డ్రైవో రాసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు ఉండవు కాబట్టి ఫైలు ఒక్కచోట ఉన్నా వందచోట్ల ఉన్నా చదవడంలో ఇంటి వాడకందారుకు తేడా తెలియదు. పైగా దానిలోని ఫ్లాష్ మెమరీ గడులను ఇన్నిసార్లు మాత్రమే చెరిపి రాయగలమనే హద్దు ఉంటుంది. డీఫ్రాగ్ అంటేనే ఉన్న డేటాను మళ్లీ మళ్లీ మరోచోట రాయడం, కనుక ఎస్‌ఎస్‌డీ మీద పాత పద్ధతిలో డీఫ్రాగ్ నడపడమంటే ఏ లాభమూ లేకుండా దాని ఆయుష్షును ఖర్చు చేయడమే. దానికి కావలసింది ట్రిమ్ అనే సంకేతం. ఏయే గడులలోని డేటాను మనం తొలగించామో డ్రైవుకు తెలియజెప్పడం ఆ సంకేతం పని. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటు విండోస్‌లో ఉంది. ఎస్‌ఎస్‌డీని ఎంచుకుని ఆప్టిమైజ్ బటన్ నొక్కితే విండోస్ ముఖ్యంగా చేసేది ఈ ట్రిమ్ పనే. పెన్ డ్రైవులకూ, మెమరీ కార్డులకూ కూడా డీఫ్రాగ్ అక్కరలేదు.

ఇక తిరిగే డిస్కు సంగతి. ఇప్పటి విండోస్ కంప్యూటర్లలో సాధారణంగా ఉండే ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్. అది డిస్కును క్లస్టర్లు అనే చిన్న గడులుగా విడగొట్టి వాడుకుంటుంది. ఇంటి డిస్కుల మీద ఒక్కో క్లస్టర్ మామూలుగా 4 కిలోబైట్లు ఉంటుంది. డిస్కు కొత్తగా ఉన్నప్పుడు ఫైలుకు కావలసిన క్లస్టర్లన్నీ వరుసగా దొరుకుతాయి. వాడకం పెరిగి, కొన్ని ఫైళ్లు తొలగించి, కొన్ని చేర్చి, ఉన్నవి పెరుగుతూ పోయినకొద్దీ ఖాళీ స్థలం చిన్న చిన్న సందులుగా మిగిలిపోయి, కొత్త ఫైలు ఆ సందుల్లో ఎక్కడ వీలైతే అక్కడ సర్దుకుంటుంది. ఒక్కసారి రాసి ముట్టుకోకుండా వదిలేసే ఫోటోలు పెద్దగా ముక్కలు కావు. రోజూ కాస్త కాస్త పెరిగే మెయిల్ ఫైలు, లాగ్ ఫైళ్లు, బ్రౌజర్ దాచుకునే డేటాబేసులు, విడివిడి భాగాలుగా దిగే పెద్ద డౌన్‌లోడ్లు, వర్చువల్ మెషీన్ (కంప్యూటరు లోపల నడిచే మరో కంప్యూటరు) డిస్కు ఫైళ్లు ఎక్కువగా ముక్కలవుతాయి.

దీనివల్ల ఎంత ఆలస్యమవుతుందో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. 7,200 చుట్ల డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డేటాను చదివే హెడ్డు కిందికి వచ్చేసరికి సగటున సగం చుట్టు, అంటే 4.2 మిల్లీసెకన్లు గడుస్తుంది. హెడ్డు ఒక వరుస నుంచి మరో వరుసకు జరగడానికి సుమారు 9 మిల్లీసెకన్లు అనుకుంటే ఒక్కో ముక్కను అందుకోవడానికి 13 మిల్లీసెకన్ల వరకూ అవుతుంది. 700 మెగాబైట్ల ఫైలు ఒకే వరుసలో ఉండి, డిస్కు సెకనుకు 100 మెగాబైట్లు చదవగలిగితే మొత్తం 7 సెకన్లలో చదవడం పూర్తవుతుంది. అదే ఫైలు 2,000 ముక్కలై చెదిరి ఉంటే, ఒక్కో ముక్కకు 13 మిల్లీసెకన్ల చొప్పున అదనంగా 26 సెకన్లు కేవలం వెతుకులాటకే పోతాయి. కరకరమనే ఆ శబ్దం హెడ్డు ఇటూ అటూ పరుగులు పెట్టడం వల్ల వచ్చేదే. ఇదే లెక్కను తిరగేసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. అదే 700 మెగాబైట్ల ఫైలు పది ముక్కలై ఉంటే అదనంగా పోయేది సెకనులో సుమారు ఎనిమిదోవంతు మాత్రమే. ముక్కలున్నాయన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఒక్కో ముక్క ఎంత పెద్దది, ఆ ఫైలును ఎంత తరచుగా తెరుస్తాము అన్నవే చూసుకోవాలి.

విండోస్ సొంత సాధనాన్ని నేను మొదట తక్కువ అంచనా వేశాను. విండోస్ 98 నాటి రంగురంగుల గడులు దానిలో లేవు. విండోస్ విస్టాలో ఆ బొమ్మను పూర్తిగా తీసేశారు, తరువాత శాతం అంకెలు మాత్రం చూపడం మొదలుపెట్టారు. బొమ్మ లేదు కాబట్టి పని కూడా అంతంతమాత్రమేనని చాలామంది అనుకుంటారు. అంతకన్నా ఎక్కువ గందరగోళం కలిగించేది మరొకటి ఉంది. విండోస్ ఒక డ్రైవును పరిశీలించి 0 శాతం అని చెబుతుంది, అదే నిమిషంలో మరో సాఫ్ట్‌వేర్ అదే డ్రైవును చూసి పెద్ద అంకె చూపించి, వెంటనే డీఫ్రాగ్ చేయమంటుంది. నా డిస్కు మీద సరిగ్గా ఇలాగే జరిగి, విండోస్ సాధనం చెడిపోయిందేమోనని కూడా అనుకున్నాను. కారణం తెలిశాక ఆ అనుమానం పోయింది. విస్టా నుంచి విండోస్ సాధనం 64 మెగాబైట్ల కన్నా పెద్ద ముక్కలను ముక్కలుగా లెక్కించదు. 64 మెగాబైట్లు చదవడానికి సెకనులో మూడింట రెండు వంతుల సమయం ఎలాగూ పడుతుంది. ఆ తరువాత హెడ్డు ఒకసారి జరగడానికి పట్టే 13 మిల్లీసెకన్లు అందులో రెండు శాతం మాత్రమే. అంత చిన్న లాభం కోసం గంటల తరబడి పెద్ద పెద్ద వీడియోలను ఇక్కడి నుంచి అక్కడికి మోయడం దండగని తయారుచేసినవారు నిర్ణయించారు. పై లెక్క చూసినవారెవరికైనా ఆ నిర్ణయం సబబుగానే కనిపిస్తుంది. అందుచేత రెండు సాఫ్ట్‌వేర్లు చూపే శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అవి లెక్కపెట్టేవి ఒకే వస్తువులు కావు.

ఈ సాధనంలో నాకు నచ్చిన మరో గుణం, దాని గురించి మనం మరచిపోయినా అది తన పని మానకపోవడం. ప్రత్యేకంగా మార్చకపోతే వారానికొకసారి, కంప్యూటరును ఎవరూ వాడని వేళ చూసుకుని, తనంతట తానే నడుస్తుంది. ఏ డ్రైవు ఏ రకమో చూసి, హార్డ్ డిస్కుకు డీఫ్రాగ్, ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అని విడివిడిగా చేస్తుంది. ఒకే కంప్యూటరులో రెండు రకాల డ్రైవులూ ఉన్న ఇళ్లలో ఇది చాలా ఉపయోగం. మరికొంత తెలుసుకోవాలనుకునేవారు అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, డీఫ్రాగ్ కమాండుకు డ్రైవు అక్షరం చేర్చి, ఏటవాలు గీతతో ఏ అనే అక్షరం (/A), ఆ తరువాత అలాగే వి అనే అక్షరం (/V) చేర్చి నడిపితే, దేనినీ కదపకుండా పరిశీలించి వివరమైన నివేదిక ఇస్తుంది. ఎన్ని ఫైళ్లు ముక్కలయ్యాయి, సగటున ఒక్కో ఫైలుకు ఎన్ని ముక్కలు, ఖాళీగా ఉన్న అతి పెద్ద వరుస ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. దీనిలో లోటు ఒక్కటే. ఏ ఫైలు ముక్కలైందో పేరుతో చెప్పదు, ఆ ఒక్క ఫైలునే సరిచేయమంటే చేయలేదు.

డీఫ్రాగ్లర్ సరిగ్గా ఆ లోటును తీరుస్తుంది. సీక్లీనర్ తయారుచేసిన పిరిఫార్మ్ సంస్థదే ఇది కూడా. అనలైజ్ నొక్కితే కొద్దిసేపట్లో డ్రైవు పటం చిన్న చిన్న గడులుగా పరుచుకుంటుంది. ముక్కలైన ఫైళ్లు ఉన్న గడులు ఎర్రగా కనిపిస్తాయి, ఒక ఎర్ర గడి మీద నొక్కితే అందులో ఏయే ఫైళ్లు ఉన్నాయో కింద వస్తుంది. నాకు ఎక్కువగా పనికివచ్చింది ఫైళ్ల జాబితా. ముక్కల సంఖ్యను బట్టి దానిని పెద్ద నుంచి చిన్నకు పేర్చుకుని చూస్తే, మా కంప్యూటరు నెమ్మదికి అసలు కారణం మొదటి వరుసలోనే దొరికింది. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన మెయిల్ ఫైలు ఒక్కటే వెయ్యికి పైగా ముక్కలై ఉంది. మెయిల్ ప్రోగ్రామును మూసివేసి, ఆ ఒక్క ఫైలును టిక్కు పెట్టి డీఫ్రాగ్ చేయమంటే కొద్ది నిమిషాల్లో ఒకే ముక్కగా కూర్చింది. ఆ తరువాత మెయిల్ తెరుచుకోవడంలో వచ్చిన తేడా ఇంట్లో నేను చెప్పకుండానే మిగతావారికి తెలిసిపోయింది. మొత్తం డిస్కును రాత్రంతా సర్దిస్తే వచ్చే లాభంలో చాలా భాగం అలా రెండు మూడు ఫైళ్లను సరిచేయడంతోనే వచ్చిందని నా అనుభవం.

డీఫ్రాగ్లర్‌లో మరికొన్ని సదుపాయాలూ ఉన్నాయి. పెద్ద ఫైళ్లను డ్రైవు చివరికి తరలించమని చెప్పవచ్చు. హార్డ్ డిస్కులో మొదటి భాగం లోపల తిరిగే పళ్లెం బయటి అంచున ఉంటుంది. అక్కడ ఒక్క చుట్టులో ఎక్కువ డేటా హెడ్డు కిందుగా వెళుతుంది కాబట్టి చదవడం వేగంగా సాగుతుంది. లోపలి అంచుకు చేరేసరికి ఆ వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. కాబట్టి ఎప్పుడో ఒకసారి చూసే వీడియోలను చివరికి పంపి, రోజూ వాడే ప్రోగ్రాములకు ముందు స్థలం వదలడంలో అర్థం ఉంది. హెల్త్ అనే భాగం డిస్కు తన గురించి తాను నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలను చూపిస్తుంది. దాని సంగతి కింద మళ్లీ చెబుతాను. ఇన్‌స్టాల్ చేయనక్కరలేకుండా నడిచే పోర్టబుల్ వెర్షన్ కూడా ఉంది, నేను దానినే వాడుతున్నాను.

దాని లోపాలు కూడా చెప్పాలి. 2018 తరువాత డీఫ్రాగ్లర్‌కు కొత్త వెర్షన్ రాలేదు. హార్డ్ డిస్కులు పనిచేసే పద్ధతి మారలేదు కనుక పని ఆగకపోయినా, పట్టించుకునేవారు లేని సాఫ్ట్‌వేర్ అన్న మాట మనసులో పెట్టుకోవాలి. క్విక్ డీఫ్రాగ్ పేరు చూసి తొందరగా అయిపోతుందనుకుంటే, నిండిన డిస్కు మీద అది కూడా చాలాసేపే తీసుకుంటుంది. ఎంత సమయం మిగిలి ఉందో చెప్పే అంచనా అస్తమానం మారిపోతూ ఉంటుంది, దానిని నమ్మి పని పెట్టుకోకూడదు. పిరిఫార్మ్‌ను 2017లో అవాస్ట్ కొన్నది. అదే ఏడాది సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దుండగులు హానికరమైన కోడ్ చొప్పించిన సంగతి బయటపడింది. అది అధికారిక సైటు నుంచే జనం కంప్యూటర్లలోకి చేరింది. ఆ దెబ్బ డీఫ్రాగ్లర్‌కు తగిలింది కాదు గాని, ఉచిత సాధనాన్ని తయారీదారు సైటు నుంచి మాత్రమే దించుకోవడం, దించుకున్నాక యాంటీవైరస్‌తో పరీక్షించడం అనే రెండు జాగ్రత్తల్లో దేనినీ వదలకూడదని అప్పటి నుంచి నాకు పట్టుదల.

ఆస్లాజిక్స్ డిస్క్ డీఫ్రాగ్, ఐఓబిట్ స్మార్ట్ డీఫ్రాగ్ రెండూ చూడచక్కగా ఉంటాయి, పని కూడా చేస్తాయి. రెండింటికీ డబ్బు చెల్లించి తీసుకునే పెద్ద వెర్షన్లు ఉన్నాయి కనుక ఉచిత వెర్షన్ తెరిచిన ప్రతిసారీ ఆ పెద్ద వెర్షన్ గుర్తుకొచ్చేలా బటన్లు అమర్చి ఉంటాయి. స్మార్ట్ డీఫ్రాగ్‌లో విండోస్ పూర్తిగా లేవకముందే నడిచే బూట్ టైమ్ డీఫ్రాగ్ సదుపాయం ఉంది. పేజింగ్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడుకునేది), హైబర్నేషన్ ఫైలు (నిద్రాణ స్థితిలో మెమరీని దాచేది) వంటివి విండోస్ నడుస్తున్నంతసేపూ వాడకంలో ఉంటాయి గనుక వాటిని మామూలు సమయంలో కదపడం కుదరదు. అవి ముక్కలై ఉంటే ఈ సదుపాయం పనికివస్తుంది, కాని ఇంటి కంప్యూటరులో ఆ అవసరం అరుదు, ఒకసారి చేస్తే మళ్లీ చాలాకాలం వరకూ రాదు. ఆ ఒక్కదాని కోసం ఎల్లవేళలా వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామును పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. అలా వెనకాల నడిచే ప్రోగ్రాము ప్రతిదీ కొంత మెమరీ తీసుకుంటుంది, కంప్యూటరు లేచే సమయాన్ని పెంచుతుంది. వేగం కోసం పెట్టుకున్న సాధనమే నెమ్మదికి కారణం కాకూడదు కదా.

అల్ట్రాడీఫ్రాగ్ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రాజెక్టుగా చాలాకాలం నడిచింది. బూట్ టైమ్ డీఫ్రాగ్, కమాండ్ లైన్ రెండూ అందులో ఉచితంగానే ఉండేవి. తరువాత వచ్చిన కొత్త వెర్షన్లు డబ్బు చెల్లించే పద్ధతికి మారాయి. పాత ఉచిత వెర్షను నడిపేటప్పుడు నాకు ఏ ఇబ్బందీ రాలేదు. మైడీఫ్రాగ్ మాత్రం నిజంగా ముచ్చటైనది. మొదట్లో జేకే డీఫ్రాగ్ అనే పేరుతో ఓపెన్ సోర్స్‌గా వచ్చి, తరువాత ఈ పేరు మార్చుకుంది. ముక్కలను కలపడంతో ఆగకుండా, బూట్ సమయంలో కావలసిన ఫైళ్లను ఒకచోట, మామూలు ఫైళ్లను మరొకచోట, స్థలం మింగే పెద్ద ఫైళ్లను చివరన అమర్చడం దాని ప్రత్యేకత. ఏది ఎక్కడ పెట్టాలో స్క్రిప్టు రాసి మనమే చెప్పవచ్చు. ఇంత శ్రద్ధగా ఆలోచించి చేసిన సాఫ్ట్‌వేర్‌కు 2010 తరువాత కొత్త వెర్షన్ రాకపోవడం నాకు బాధగానే ఉంది. దాని నెలసరి స్క్రిప్టు నా డిస్కు మీద ఒక రాత్రి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నానికి గాని ముగియలేదు. అంత ఓపిక ఉండి, లోపలి సంగతులు తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవారికి మాత్రమే దానిని సూచిస్తాను.

కాంటిగ్ సిసింటర్నల్స్ వారి చిన్న కమాండ్ లైన్ సాధనం. సిసింటర్నల్స్‌ను 2006లో మైక్రోసాఫ్ట్ కొన్నది కనుక ఇది ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైటులోనే దొరుకుతుంది. ఒక ఫైలు పేరు ఇస్తే దానిని ఒక ముక్కగా చేస్తుంది, అంతే. దానిలో కిటికీలు లేవు, ప్రకటనలు లేవు. నల్లటి కమాండ్ ప్రాంప్టును చూసి బెదరనివారికి డీఫ్రాగ్లర్ అవసరం కూడా లేకుండా చేయగలిగేది ఇదే.

వీటన్నిటి గురించి చెప్పుకోవలసిన ఒక ముఖ్యమైన సంగతి, ఇవన్నీ లోపల ఒకే దారిలో నడుస్తాయన్నది. 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 నుంచి ఫైలు ముక్కలను జరిపే సదుపాయాన్ని విండోస్ స్వయంగా అందిస్తోంది. ఈ సాఫ్ట్‌వేర్లు ఆ సదుపాయాన్నే పిలిచి పనిచేయించుకుంటాయి. ముందు డేటాను కొత్త చోట రాసి, ఆ తరువాతే ఫైలు చిరునామాను మార్చే పద్ధతి కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఫైలు సాధారణంగా చెడిపోదు. ఎవరి దగ్గరా ప్రత్యేకమైన రహస్య విద్య లేదు. ఏ ఫైలును ఎక్కడ పెట్టాలని నిర్ణయించడంలో, చూపించే తీరులో మాత్రమే వాటి మధ్య తేడా ఉంటుంది. ఇన్ని రెట్ల వేగం పెరుగుతుందని ఎవరైనా పెద్ద అక్షరాలతో రాస్తే, ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాకు జరిగిన నష్టం ఒకటి ఉంది, ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. డీఫ్రాగ్ సాధనమొకటి ఇన్‌స్టాల్ చేస్తూ, అలవాటు ప్రకారం నెక్స్ట్ బటన్ నొక్కుకుంటూ పోయాను. మూడో తెర మీద లేత బూడిద రంగులో, చిన్న అక్షరాలతో, ముందే టిక్కు పెట్టి ఉన్న రెండు గడులను గమనించలేదు. పని ముగిసి చూస్తే బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది, డ్రైవర్లను తాజా చేస్తానంటూ అడగని ప్రోగ్రాము ఒకటి డెస్క్‌టాప్ మీద కూర్చుంది. అది నా కంప్యూటరులో వందల సమస్యలున్నాయనీ, డబ్బు కడితే బాగుచేస్తాననీ రోజూ హెచ్చరించేది. దానిని పూర్తిగా తొలగించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు ఆ హెచ్చరికలు నిజమని నమ్మి బెంగపడ్డారు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. అందుకే ఇలాంటివి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ లేదా అడ్వాన్స్‌డ్ అనే మార్గం ఉంటే తప్పక దానిని ఎంచుకుని, ప్రతి తెరనూ చదివి ముందుకు వెళ్లమని అందరికీ చెబుతున్నాను. పోర్టబుల్ వెర్షన్ ఉన్నచోట అదే మేలు.

డీఫ్రాగ్ మొదలుపెట్టేముందు డిస్కు ఆరోగ్యం చూసుకోవడం చాలా అవసరం. డీఫ్రాగ్ చేస్తున్నంతసేపూ డిస్కు విడవకుండా చదువుతూ రాస్తూ ఉంటుంది. చివరి దశలో ఉన్న డిస్కుకు అంతటి శ్రమ పెడితే అసలుకే ముప్పు. డీఫ్రాగ్లర్ హెల్త్ భాగంలో గాని, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాధనంలో గాని రీఎలోకేటెడ్ సెక్టర్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ అనే రెండు వరుసలు చూడండి (సెక్టర్ అంటే డిస్కులో డేటా రాసే చిన్న భాగం; మొదటి వరుస చెడిపోయి పక్కన పెట్టినవెన్నో, రెండోది అనుమానంలో ఉన్నవెన్నో చెబుతుంది). వాటి అసలు విలువలు సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతూ ఉంటే డీఫ్రాగ్ ఆలోచన మానుకుని ముందు డేటాను మరో డిస్కులోకి కాపీ చేసుకోవాలి. నెమ్మదిగా నడుస్తోందని డీఫ్రాగ్ చేయాలనుకునే పాత డిస్కులలో కొన్నింటికి అసలు జబ్బు ఇదే. చెడిన సెక్టరును చదవడానికి డిస్కు పదేపదే ప్రయత్నించడం వల్ల వచ్చే ఆలస్యాన్ని ఏ డీఫ్రాగూ తగ్గించలేదు.

చాలామందికి తెలియని మరో చిక్కు, విండోస్‌ను పాత స్థితికి తిప్పే సిస్టమ్ రిస్టోర్ గురించినది. డిస్కులో మార్పు జరిగినప్పుడల్లా పాత స్థితిని దాచిపెట్టే పద్ధతి మీద రిస్టోర్ పాయింట్లు ఆధారపడతాయి. 16 కిలోబైట్ల కన్నా చిన్న క్లస్టర్లు ఉన్న డ్రైవులో, అంటే మామూలు 4 కిలోబైట్ల డ్రైవులో, ఫైలును కేవలం జరిపినా దానిని మార్పుగానే లెక్కించే అవకాశం ఉంది. పెద్ద ఎత్తున డీఫ్రాగ్ చేస్తే దాచిపెట్టే స్థలం నిండిపోయి, పాత రిస్టోర్ పాయింట్లు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. మొత్తం డిస్కును సర్దిన తరువాత నేను చూస్తే మిగిలింది ఒక్క రిస్టోర్ పాయింటే. ముఖ్యమైన రిస్టోర్ పాయింటు ఉన్నవారు మొత్తం డ్రైవు జోలికి పోకుండా కావలసిన ఫైళ్లను మాత్రమే సరిచేసుకోవడం మంచిది.

బయట తగిలించుకునే హార్డ్ డిస్కులలో, ల్యాప్‌టాప్ డిస్కులలో కొన్ని ఎస్‌ఎంఆర్ పద్ధతిలో తయారవుతాయి. వాటిలో డేటా వరుసలు పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక వరుసను మార్చాలంటే దాని మీదికి ఎక్కిన పక్క వరుసలను కూడా తిరిగి రాయాలి. అలాంటి డిస్కు మీద డీఫ్రాగ్ నత్తనడక నడుస్తుంది, గంటల పని రోజులకు సాగుతుంది. బ్యాకప్ కోసం మాత్రమే వాడుకునే డిస్కు అయితే దానిని ఉన్నదున్నట్టు వదిలేయడమే సరైనది.

పనిని ఏ వరుసలో చేయాలన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, తాత్కాలిక ఫైళ్లను డిస్క్ క్లీనప్‌తో తొలగించి, అక్కరలేని ప్రోగ్రాములను తీసేసిన తరువాతే డీఫ్రాగ్ మొదలుపెట్టాలి. ముందు డీఫ్రాగ్ చేసి తరువాత చెత్త తీసేస్తే, సర్దిన వరుసల మధ్య మళ్లీ సందులు పడతాయి. డ్రైవులో కనీసం 15 శాతం ఖాళీ ఉండేలా చూసుకోవాలి. ముక్కలను పేర్చడానికి చోటు లేనప్పుడు ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఒకే ఫైలును పదిచోట్లకు తిప్పుతూ కూర్చుంటుంది. నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఖాళీ 6 శాతమే ఉంది. రాత్రంతా నడిచాక కూడా పటంలో ఎరుపు పెద్దగా తగ్గలేదు. పాత వీడియోలను మరో డిస్కులోకి మార్చి ఖాళీని పెంచాక రెండోసారి అదే సాఫ్ట్‌వేర్ అదే పనిని ఎంతో తక్కువ సమయంలో చేసింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదని అప్పుడు తెలిసింది.

ప్రస్తుతం మా కంప్యూటరులో విండోస్ సాధనం వారానికొకసారి తన పని తాను చేసుకుంటోంది. డీఫ్రాగ్లర్ పోర్టబుల్ వెర్షన్ ఒక ఫోల్డరులో ఉంది, మూడు నెలలకొకసారి దానిని తెరిచి ఫైళ్ల జాబితాలో మొదటి పది వరుసలు, హెల్త్ భాగంలో రెండు అంకెలు చూసి మూసేస్తాను. మిగతావన్నీ తొలగించాను. స్టార్టప్‌లో అక్కరలేని ప్రోగ్రాములను ఆపినందువల్ల కంప్యూటరు లేవడంలో కలిగిన మేలు, డీఫ్రాగ్ వల్ల కలిగిన దానికన్నా ఎక్కువే ఉందని కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. ఈసారి విండోస్ ఉన్న డ్రైవును ఎస్‌ఎస్‌డీకి మార్చాలనుకుంటున్నాను. అప్పుడు ఈ హార్డ్ డిస్కు ఫోటోలకు, వీడియోలకు మాత్రమే మిగులుతుంది, డీఫ్రాగ్లర్‌ను తెరిచే పని ఏడాదికొకసారి పడినా ఎక్కువే.